ట్రాక్టరు స్టార్టు చేయుటలో జాగ్రత్తలు: క్లచ్చి రక్షణ స్విచ్చి ఉపయోగము

తొలకరి వానలు పడి, మృగశిర కార్తె ప్రవేశించగానే పల్లెలలో ట్రాక్టర్లకు తీరిక ఉండదు. దుక్కి, దమ్ము, విత్తుట, ఎరువుల రవాణా అన్నియు ఒక్కసారిగా మీద పడును. అట్టి సమయములో తెల్లవారుజామున ట్రాక్టరు తాళము త్రిప్పినపుడు సెల్ఫ్ తిరుగకపోయిన యెడల రైతుకు కలుగు చికాకు ఇంతింత కాదు. పదును ఆరిపోవుచున్నదను ఆతురతలో స్క్రూడ్రైవరు చేతబట్టుకొని, నేలపై నిలబడి, సెల్ఫ్ మోటారు తలలు రెండింటిని కలిపి ఇంజనును లేపు అలవాటు చాలచోట్ల కలదు. మరికొందరు మెకానికును పిలిపించి, క్లచ్చి పెడలు వద్దనుండు చిన్న స్విచ్చి తీగలను రెండింటిని మెలిపెట్టించి "డైరెక్టు" చేయించుకొందురు. ఈ రెండు పనులును ప్రాణాపాయకరములు. ఆ చిన్న స్విచ్చి ఎందులకు పెట్టబడినది, అది ఎట్లు పనిచేయును, చెడినపుడు ఏమి చేయవలెను అను సంగతులను ఈ వ్యాసములో తెలిసికొందము.

సెల్ఫ్ వచ్చిన కథ

పూర్వము మోటారు బండ్లను, ట్రాక్టర్లను ముందువైపున ఇనుప హేండిలు పెట్టి చేతితో త్రిప్పి లేపెడివారు. ఇంజను ఎదురుతన్నినపుడు హేండిలు వెనుకకు తిరిగి మణికట్టు విరుగుట, దవడకు దెబ్బ తగులుట సాధారణముగా జరుగుచుండెను. అమెరికాలో ఛార్లెస్ కెట్టరింగు అను ఇంజనీరు విద్యుత్తుతో నడుచు సెల్ఫ్ స్టార్టరును రూపొందింపగా, అది 1912 సంవత్సరపు కాడిలాక్ కార్లలో అమర్చబడినది. దానితో హేండిలు బాధ తప్పినది.

కాని ఒక బాధ పోయి మరియొకటి వచ్చినది. హేండిలు త్రిప్పుటకు బలమైన మనిషి కావలెను, అతడు బండి ముందు నిలబడవలెను. కనుక గేరులో ఉన్నదో లేదో చూచుకొనక తప్పెడిది కాదు. తాళము త్రిప్పుటకో, ఐదేండ్ల పిల్లవాని వ్రేళ్ళ బలము చాలును. బండి గేరులో ఉండగా తాళము త్రిప్పిన యెడల ఇంజనుతోపాటు బండియు కదలును. దీనిని అరికట్టుటకే స్టార్టింగు రక్షణ స్విచ్చీలు వచ్చినవి. అమెరికాలో ఆటోమేటిక్ గేరు కార్లకు, గేరు పట్టియుండగా సెల్ఫ్ తిరుగకుండు ఏర్పాటు తప్పనిసరి యని 1968 నుండి ప్రభుత్వ నిబంధన కలదు. చేతి గేర్ల కార్లకు కంపెనీలవారు తామే క్లచ్చి పెడలు వద్ద స్విచ్చి పెట్టుట మొదలిడిరి. నేడు మన దేశములో అమ్ముడగుచున్న అనేక కార్లలోను, ట్రాక్టర్లలోను ఇట్టి స్విచ్చి ఉన్నది. బొత్తాము నొక్కి లేపు కార్లలో క్లచ్చి తొక్కనిదే ఇంజను లేవకుండుట మీలో పలువురు గమనించియే యుందురు.

క్లచ్చి తొక్కకుండ సెల్ఫ్ కొట్టినచో ఏమగును?

సెల్ఫ్ మోటారు చివర చిన్న పళ్ళ చక్రము కలదు. తాళము త్రిప్పగానే అది ముందుకు జరిగి ఇంజను ఫ్లైవీలు చుట్టునున్న పెద్ద పళ్ళ చక్రమును పట్టుకొని త్రిప్పును. పెద్ద చక్రము ఒక చుట్టు తిరుగుటకు చిన్న చక్రము పది చుట్లకు పైగా తిరుగవలెను. కనుక సెల్ఫ్ మోటారు చూచుటకు చిన్నదైనను దాని తిప్పుడు బలము పదింతలై ఇంజనుకు అందును.

ఫ్లైవీలుకును గేరుపెట్టెకును నడుమ క్లచ్చి ప్లేటు కలదు. పెడలు తొక్కనపుడు ఆ ప్లేటు ఫ్లైవీలుకు అంటుకొనియుండును. అప్పుడు గేరు కూడ పట్టియున్న యెడల ఫ్లైవీలు, గేరుపెట్టె, వెనుక చక్రములు అన్నియు ఒకే గొలుసు. ఫ్లైవీలు తిరిగినచో చక్రము తిరుగక తప్పదు. పెడలు తొక్కినచో ప్లేటు విడిపోయి గొలుసు తెగును.

ఒక లెక్క చూడుడు. ఒక ట్రాక్టరు ఇంజను నిమిషమునకు 2,000 చుట్లు తిరుగునపుడు ఒకానొక గేరులో గంటకు 8 కిలోమీటర్లు నడచుననుకొందము. ఆ గేరు పట్టియుండగా ఇంజను లేచి, నెమ్మదిగా నిమిషమునకు 700 చుట్లు తిరిగినను, ట్రాక్టరు గంటకు 2.8 కిలోమీటర్ల వేగమున కదలును. అనగా సెకనుకు 78 సెంటీమీటర్లు. చేతి యాక్సిలరేటరు సగము తెరచియుండి ఇంజను 1,400 చుట్లు అందుకొన్నచో సెకనుకు ఒకటిన్నర మీటరుకు పైగా పోవును. సెల్ఫ్ మోటారు వద్ద నేలపై నిలబడిన మనిషికిని వెనుక పెద్ద చక్రమునకును నడుమ దూరము సాధారణముగా ఒక మీటరు కూడ ఉండదు. "అయ్యో" అనుకొని అడుగు వెనుకకు వేయు లోపలనే చక్రము మీదికి వచ్చును.

ఆ చక్రపు భారమెంత? సుమారు 2,000 కిలోల ట్రాక్టరులో అయిదింట మూడు వంతులు వెనుక ఇరుసుమీద ఉండును. అనగా ఒక్కొక్క వెనుక చక్రము క్రింద 600 కిలోలు, ఆరు క్వింటాళ్ళ బరువు. కొందరు "తక్కువ గేరులో ఉన్నచో మెల్లగా పోవును గదా, ఆపవచ్చును" అందురు. ఇది పొరపాటు. గేరు తగ్గినకొలది వేగము తగ్గును గాని లాగుడు బలము పెరుగును. చేతితో ఆపుట గాని, ఇటుక అడ్డువేసి ఆపుట గాని జరుగని పని. కాడి కట్టునపుడు ఎద్దుకు మనిషి కనబడును, కాబట్టి ఒక్క క్షణమైనను తటపటాయించును. యంత్రమునకు కన్ను లేదు.

స్విచ్చి పనిచేయు విధము

సెల్ఫ్ మోటారుకు బ్యాటరీ నుండి లావుపాటి తీగ ద్వారా వందల ఆంపియర్ల కరెంటు పోవును. అంత కరెంటు తాళపు స్విచ్చి గుండా పోయినచో అది కాలిపోవును. అందుచేత సెల్ఫ్ మోటారు పైన సోలినాయిడు అను ఒక చిన్న డొల్ల అమర్చబడియుండును. తాళము త్రిప్పినపుడు సన్నని తీగ గుండా కొద్ది కరెంటు సోలినాయిడునకు పోవును. అది అయస్కాంతమై లోపలి రాగి బిళ్ళను లాగి, లావుపాటి తీగల నడుమ దారి కలుపును. చిన్న పిడి త్రిప్పి చెరువు తూము తలుపు ఎత్తినట్లన్నమాట.

క్లచ్చి రక్షణ స్విచ్చి ఈ సన్నని తీగ దారిలో, తాళమునకును సోలినాయిడునకును నడుమ ఉండును. పెడలు తొక్కనపుడు స్విచ్చి లోపలి కొనలు విడిగా ఉండును. తాళము త్రిప్పినను కరెంటు అక్కడనే ఆగిపోవును, సోలినాయిడు "టక్" మనదు. పెడలు పూర్తిగా తొక్కినపుడు దాని కడ్డీ స్విచ్చి ముక్కును కదల్చి కొనలను కలుపును. అప్పుడే సెల్ఫ్ తిరుగును. ఇంతే దాని రహస్యము.

కొన్ని ట్రాక్టర్లలో క్లచ్చి వద్ద గాక గేరు కడ్డీ వద్ద న్యూట్రలు స్విచ్చి ఉండును. కొన్నింటిలో రెండును ఉండును. కొన్నింటిలో పి.టి.ఓ. కడ్డీ వద్ద కూడ ఒకటి ఉండును. మీ ట్రాక్టరులో ఏవేవి కలవో కంపెనీవారిచ్చిన పుస్తకములో చూచి తెలిసికొనుడు.

స్విచ్చి చేయగలది, చేయలేనిది

ఈ స్విచ్చిని అమితముగా నమ్ముటయు మంచిది కాదు. దాని హద్దులు మూడు.

మొదటిది: క్లచ్చి స్విచ్చి చూచునది పెడలును మాత్రమే, గేరును కాదు. గేరు పట్టియుండగా మీరు క్లచ్చి తొక్కి తాళము త్రిప్పినచో ఇంజను నిక్షేపముగా లేచును. అటుపిమ్మట కాలు తీసిన క్షణమున ట్రాక్టరు దూకును. కనుక స్విచ్చి ఉన్నను న్యూట్రలు చూచుకొనుట మీ పనియే.

రెండవది: నేలపై నిలబడి సెల్ఫ్ మోటారు తలలను స్క్రూడ్రైవరుతో గాని పానాతో గాని కలిపినపుడు కరెంటు స్విచ్చి దారిన రానేరాదు. తలుపునకు తాళము వేసి గోడకు కన్నము పెట్టినట్లే. ఈ కారణము చేతనే పెక్కు ట్రాక్టర్లలో సెల్ఫ్ మోటారు తలలపై రేకు గాని ప్లాస్టికు గాని మూతగా బిగించబడును. దానిని విప్పి పారవేయరాదు.

మూడవది: తోసి గాని, మరియొక ట్రాక్టరుతో లాగి గాని లేపునపుడును ఈ స్విచ్చి రక్షణ ఉండదు. ఆ పద్ధతిని వీలైనంతవరకు మానవలెను.

ప్రమాదము జరుగు తీరు

సాధారణముగా ఇట్టి ప్రమాదములు ఒకే వరుసలో జరుగును. ముందటి సాయంత్రము డ్రైవరు ట్రాక్టరును ఏటవాలు మీద నిలిపి, కదలకుండుటకై గేరులో వేసి దిగిపోవును. అది తప్పు కాదు. మరునాడు బ్యాటరీ తీగల తలలు తుప్పుపట్టియో, తాళపు స్విచ్చి అరిగియో, సెల్ఫ్ తిరుగదు. యజమాని దిగి వచ్చి, వెనుక చక్రమునకు ముందు నిలబడి, వంగి పానాతో తలలు కలుపును. ఇంజను లేచును. గేరు పట్టియున్నదని అతనికి జ్ఞాపకము లేదు, లేక గేరు వేసినది అతడు కాదు. చేతిలో పానా ఉండగనే చక్రము అతనిని పడద్రోయును. సీటు మీద ఎవరును లేరు గనుక ట్రాక్టరు గోడయో కాలువయో తగులువరకు ఆగదు.

ఇందులో గమనింపదగిన సంగతి ఒకటున్నది. ఆ మనిషి అజ్ఞాని కాడు. పదేండ్లుగా ట్రాక్టరు నడిపినవాడే. నూరుసార్లు అట్లే లేపియున్నాడు, నూరుసార్లు న్యూట్రలులోనే ఉన్నది. నూటొకటవసారి లేదు. అనుభవము వలన కలుగు ధైర్యమే ఇచ్చట శత్రువు. క్లచ్చి స్విచ్చి ఉన్నది ఆ నూటొకటవసారి కొరకే.

ట్రాక్టరు లేపు సరియైన క్రమము

1. ట్రాక్టరు చుట్టు ఒకసారి తిరిగి చూడుడు. చక్రముల వద్ద, ట్రాలీ క్రింద, రోటావేటరు ప్రక్కన పిల్లలు గాని పశువులు గాని లేరని నిశ్చయించుకొనుడు.

2. మెట్టు మీదుగా ఎక్కి సీటుపై సరిగా కూర్చుండుడు. ప్రక్కన నిలబడి, చేయి చాచి తాళము త్రిప్పరాదు.

3. పార్కింగు బ్రేకు పడియున్నదో లేదో చూడుడు.

4. గేరు కడ్డీని, హై-లో కడ్డీ యున్న దానిని కూడ న్యూట్రలునకు తెండు. కడ్డీ అటునిటు స్వేచ్ఛగా ఆడునేమో చేతితో చూడుడు. కంటితో చూచి వదలరాదు.

5. పి.టి.ఓ. కడ్డీని విడిపించుడు. చేతి యాక్సిలరేటరును పుస్తకములో చెప్పిన మేరకు మాత్రమే ఉంచుడు.

6. క్లచ్చి పెడలును అడుగంట తొక్కుడు. రెండు క్లచ్చీలు గల ట్రాక్టర్లలో సగము తొక్కినపుడు గేరుపెట్టెయు, పూర్తిగా తొక్కినపుడు పి.టి.ఓ.యు విడిపోవును. కనుక సగముతో ఆపరాదు.

7. తాళము త్రిప్పుడు. పది సెకనులలోపల ఇంజను లేవనిచో తాళము వదలి, కొంతసేపు ఆగి మరల ప్రయత్నింపుడు. ఎడతెగక త్రిప్పినచో సెల్ఫ్ మోటారు వేడెక్కి చెడును.

8. ఇంజను లేచిన తరువాత క్లచ్చి పెడలును మెల్లగా వదలుడు. గేరు నిజముగా న్యూట్రలులో లేకున్నచో ఇచ్చట తెలిసిపోవును. మరల తొక్కుటకు కాలు సిద్ధముగా ఉండును.

స్విచ్చి బాగున్నదా? ఇంటివద్ద చేయదగిన పరీక్ష

నెలకొకసారియు, దమ్ము పని ముగిసిన పిదపయు ఈ పరీక్ష చేయుడు. చదునుగా, ఖాళీగా ఉన్న చోట ట్రాక్టరును నిలుపుడు. ముందును వెనుకను ఎవరును ఉండరాదు. సీటుపై కూర్చుండి, బ్రేకు వేసి, గేరు న్యూట్రలులో ఉంచి, పి.టి.ఓ. విడిపించి, క్లచ్చి తొక్కకుండ తాళము క్షణకాలము త్రిప్పుడు. క్లచ్చి స్విచ్చి గల ట్రాక్టరులో సెల్ఫ్ తిరుగరాదు. తిరిగినచో స్విచ్చి చెడినదనియో, ఎవరో డైరెక్టు చేసినారనియో అర్థము. బాగుచేయించువరకు ఆ ట్రాక్టరును క్రొత్త డ్రైవరు చేతికి ఇయ్యరాదు.

ఈ పరీక్షను గేరు పట్టియుండగా ఎన్నడును చేయరాదు. స్విచ్చి చెడియున్నచో పరీక్షయే ప్రమాదమగును.

పాత ట్రాక్టరు కొనునపుడు బేరమునకు ముందే ఈ పరీక్ష చేయుట మంచిది. స్విచ్చిని డైరెక్టు చేసిన యజమాని తక్కిన విషయములలో ఎంత శ్రద్ధ చూపినాడో దీనివలన ఊహింపవచ్చును.

సెల్ఫ్ తిరుగనపుడు

క్లచ్చి పూర్తిగా తొక్కి తాళము త్రిప్పినను సెల్ఫ్ తిరుగకున్నచో ముందుగా లైట్లు వేసి చూడుడు.

లైట్లు మందముగా వెలిగినను, తాళము త్రిప్పగానే ఆరిపోవునట్లు తగ్గినను లోపము బ్యాటరీలో గాని, దాని తలల వద్ద గాని ఉన్నది. తలలపై చేరిన తెల్లని, పచ్చని పూతను వేడినీటితో కడిగి, గీకి, బిగించి, పైన కొద్దిగా గ్రీజు పూయుడు. విప్పునపుడు ముందు నెగటివ్ తీగను, బిగించునపుడు చివర నెగటివ్ తీగను చూచుకొనవలెను.

లైట్లు బాగుగా వెలుగుచు, సోలినాయిడు "టక్" మని కొట్టి సెల్ఫ్ తిరుగకున్నచో లోపము సోలినాయిడులో, సెల్ఫ్ మోటారులో, లేక లావు తీగలలో ఉండును. ఇది మెకానికు పని.

లైట్లు బాగుగా వెలుగుచు, "టక్" అను శబ్దము కూడ రాకున్నచో సన్నని తీగ దారిలో ఎక్కడనో తెగినది. తాళపు స్విచ్చి, ఫ్యూజు, క్లచ్చి స్విచ్చి, న్యూట్రలు స్విచ్చి ఈ దారిలోనివే. తాళము తీసి జేబులో వేసికొని, క్లచ్చి పెడలు వద్ద వంగి చూడుడు. సాధారణముగా కనబడు లోపములు ఇవి:

దమ్ము చేసిన బురద స్విచ్చి ముక్కు చుట్టు గట్టిపడి దానిని కదలనీయకుండుట. తీగల జోడు ఊడిపోవుట. కొట్టములో ఎలుకలు తీగలు కొరుకుట. స్విచ్చిని పట్టియుంచు రేకు వంగుటచే పెడలు దానిని అందుకొనకుండుట. నీరు చేరి లోపల తుప్పుపట్టుట. వీనిలో మొదటి నాలుగును కంటికి కనబడునవే. మట్టిని పుల్లతో తీసి, గుడ్డతో తుడిచి, జోడు గట్టిగా నొక్కినచో చాలసార్లు పని జరిగిపోవును.

మల్టీమీటరు ఉన్నవారు స్విచ్చిని ఇట్లు పరీక్షింపవచ్చును. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, స్విచ్చి జోడు ఊడదీసి, మీటరును గంట మ్రోగు గుర్తు వద్ద ఉంచి రెండు కొనలకు తాకింపుడు. పెడలు వదలినపుడు మ్రోగరాదు, పూర్తిగా తొక్కినపుడు మ్రోగవలెను. రెండు సమయములలోను మ్రోగకున్నను, రెండు సమయములలోను మ్రోగినను స్విచ్చిని మార్చవలసినదే. స్విచ్చి ధర సెల్ఫ్ మోటారు ధరతో పోల్చిన బహు స్వల్పము.

క్లచ్చి సరిచేయించిన పిదప మరువరాని పని

క్లచ్చి ప్లేటు అరిగినకొలది పెడలు వదులు మారును. మెకానికు దానిని సరిచేసినపుడు పెడలు నిలుచు ఎత్తు, తొక్కుడు దూరము మారును. అప్పుడు స్విచ్చిని కూడ మరల అమర్చవలెను. స్విచ్చి కలియుట పెడలు దిగుట చివరలో, క్లచ్చి పూర్తిగా విడిపోయిన తరువాతనే జరుగవలెను. ముందుగానే కలిసినచో క్లచ్చి ఇంకను పట్టియుండగనే సెల్ఫ్ తిరుగును. స్విచ్చి ఉన్నట్లేగాని రక్షణ లేదు. ఆలస్యముగా, లేక అసలే కలియకున్నచో సెల్ఫ్ తిరుగదు. "స్విచ్చి పాడు" అని డైరెక్టు చేయింతురు. నిజమునకు పాడైనది స్విచ్చి కాదు, దాని అమరిక.

"డైరెక్టు చేసిన తప్పేమి?" అనువారికి

ఈ విషయములో రైతులు చెప్పు సాకులు రెండు మూడు కలవు. వానిని కాదని త్రోసివేయక ఆలోచింతము.

"పనివేళ మెకానికు దొరకడు, అదను పోవును" అందురు. నిజమే. కాని పైన చెప్పిన శుభ్రపరచుట పావుగంట పని. దమ్ముకు దిగుటకు ముందే ఒక స్విచ్చి, రెండు ఫ్యూజులు పనిముట్ల పెట్టెలో ఉంచుకొన్నచో అదను పోదు.

"క్లచ్చి తొక్కి లేపినచో ఇంజను లోపలి వాషర్లు అరుగును" అని కొందరు మెకానికులు చెప్పుదురు. క్లచ్చి తొక్కినపుడు ఇంజను ఇరుసు ముందుకు నెట్టబడి థ్రస్టు వాషరుపై ఒత్తిడి పడుట నిజము. అయినను అది రెండు మూడు సెకనుల పని. మరియొకవైపు క్లచ్చి తొక్కుటచే గేరుపెట్టెలోని చిక్కని నూనెను త్రిప్పు భారము సెల్ఫ్ మీద పడదు, చలికాలపు ఉదయములలో బ్యాటరీకి మేలు. వాషరును మార్చవచ్చును, మనిషిని మార్చలేము.

"రైలు గేటు మీద ఇంజను ఆగిపోయినచో, గేరులో వేసి సెల్ఫ్ కొట్టి బండిని దాటించుకొనవచ్చును, ఈ స్విచ్చి ఉన్నచో అది కుదరదు" అని పాత కార్ల డ్రైవర్లు అందురు. ఈ మాటలో కొంత సత్యమున్నది. కొన్ని టయోటా పికప్ బండ్లలో ఎత్తైన రాళ్ళ దారులలో వాడుకొనుటకై, అవసరమున్నంతసేపు మాత్రమే ఈ రక్షణను తొలగించు బొత్తామును కంపెనీవారే పెట్టియున్నారు. కాని అది సీటుపై కూర్చున్న డ్రైవరు తెలిసి నొక్కునది. తీగలు మెలిపెట్టి శాశ్వతముగా తొలగించుట వేరు. రైలు పట్టాల మీద బండి ఆగినచో ముందు మనుషులందరును దిగి పట్టాలకు దూరముగా పోవలెను. గేటు కాపరికి తెలుపవలెను. బండి పోయినను ఫరవాలేదు.

కార్లు, జీపులు గలవారికి

ఏటవాలు మీద కారును గేరులో వేసి నిలుపుట మంచి అలవాటే. కాని అట్టి కారు కిటికీ గుండా చేయిపెట్టి ఎవరైనను తాళము త్రిప్పినచో, క్లచ్చి స్విచ్చి లేనిదైన యెడల కారు ముందుకు దూకును. ఇంటి అరుగు ముందు ఆడుకొను పిల్లలకు ఇది ఎంత ప్రమాదమో వేరుగా చెప్పనక్కరలేదు. తాళమును బండికి వదలి దిగరాదు. పాటలు వినుటకై పిల్లల చేతికి తాళమిచ్చుట అసలే కూడదు. ట్రాక్టరుకును ఇదే నియమము.

గ్రామాధికారులకు మనవి

అద్దె యంత్ర కేంద్రములలోని ట్రాక్టరు ఒకే సీజనులో పలువురు డ్రైవర్ల చేతులు మారును. ఒకరు డైరెక్టు చేయించిన సంగతి మరియొకరికి తెలియదు. ప్రమాదము ఆ మరియొకరికి జరుగును. కావున ట్రాక్టరును అప్పగించునపుడును, తిరిగి తీసికొనునపుడును పైన చెప్పిన పరీక్ష చేసి పుస్తకములో వ్రాయించుట మేలు. ఆంధ్రప్రదేశములోని గ్రామ వ్యవసాయ సహాయకులును, తెలంగాణలోని వ్యవసాయ విస్తరణ అధికారులును రైతుల సమావేశములలో పది నిమిషములు దీనికి కేటాయించి, ఒక ట్రాక్టరు వద్ద చేసి చూపినచో ఎన్ని వ్యాసములు చదివినను రాని నమ్మకము కలుగును. అనంతపురము జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వము నడుపుచున్న దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థ కలదు. యంత్రముల వాడకము, మరమ్మతులలో అచ్చట శిక్షణ ఇయ్యబడును. ఊరికి ఒక యువకుడైనను అట్టి శిక్షణ పొందియుండుట గ్రామమంతటికిని ఉపయోగకరము.

జ్ఞాపకముంచుకొనవలసినవి

ట్రాక్టరును సీటు మీద నుండియే లేపవలెను, నేల మీద నుండి ఎన్నడును లేపరాదు. న్యూట్రలు, బ్రేకు, క్లచ్చి మూడును చూచుకొనిన తరువాతనే తాళము. స్విచ్చిని డైరెక్టు చేయరాదు, ఇతరులు చేసినచో సరిచేయింపవలెను. సెల్ఫ్ మోటారు మూత తీయరాదు. బురద పని ముగిసిన ప్రతిసారి పెడలు వద్ద కడిగి, ఆరబెట్టి, పరీక్షింపవలెను.

ఈ వ్యాసము చదివిన రైతు సోదర సోదరీమణులు రేపు ఉదయము మీ ట్రాక్టరుపై కూర్చుండి, న్యూట్రలులో, బ్రేకు వేసి, క్లచ్చి తొక్కక ఒక్కసారి తాళము త్రిప్పి చూడుడు. సెల్ఫ్ మౌనముగా ఉన్నచో సంతోషింపుడు. తిరిగినచో, దుక్కికి పోవుటకు ముందే మెకానికును పిలిపింపుడు.